నిటారుకి మోకాళ్ళు

నైఫ్, దుబాయ్
7 అక్టోబరు 2022

పేరమ్మత్తకి శ్యామ్ నమస్కారాలు.

నీ ఫోను చేపల పులుసులో పడి కాలం చేసిందని అంజి చెప్పాడు. కొత్తది కొనుక్కోమంటే, "ఫోన్లో మావాడు ఊఁ అనడం తప్ప ఇంకోటి అనడు, కాగితం ఇస్తే నాలుగు ముక్కలు రాస్తాడు" అన్నావట. నిజమే కాబట్టి రాస్తున్నాను. అంజి ఎలాగూ ఫుజైరా చేపలు వేసుకుని వారం వారం ఇక్కడి మార్కెట్‌కి వస్తాడు. మనకి పోస్టాఫీసు, పోస్ట్‌మాను రెండూ వాడే.

అసలు సంగతి, నాకు ఉద్యోగం మారింది. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో బొమ్మల సీరియల్‌కి తెలుగు మాటలు రాస్తున్నాను. బొమ్మలు కంప్యూటర్లో గీస్తారు, అవి కదులుతాయి, నేను వాటి నోట్లో మాటలు పెడతాను. కథ ఇప్పటిది కాదు, ఎప్పుడో మూడొందల ఏళ్ళ తర్వాతది. ఆకాశంలో తిరిగే ఓ పాత ఓడ. దాని అడుగున సామాన్ల గది. ఆ గదిలో, పనికిరావని పడేసిన నాలుగు రోబోలు, అంటే మరమనుషులు. వాటి తిప్పలు చూసి జనం నవ్వాలి. సీరియల్ పేరు 'తుప్పు బ్యాచ్'. ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకోవచ్చు.

నా పైన రామ్మోహనరావు గారని ఉన్నారు. మనిషి మంచివారే గానీ నవ్వరు. నేను రాసిన మొదటి భాగం చదివి, "బాబూ, ఇది సంతాప సభలో చదివితే బావుంటుంది" అన్నారు. మొదటి కాగితం నిండిపోయింది. రెండోది అందుకుంటున్నాను.

ఇక మా నలుగురి సంగతి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వీళ్ళతోనే నా బతుకు. నిటారు అని ఒకడు, ఎప్పుడూ మూలన నిలబడే ఉంటాడు. కూర్చోడు, పడుకోడు, నిద్ర కూడా నిలబడే. తిండి ముట్టడు. పక్కన ఓ కరెంటు వైరు పెట్టుకుంటాడు, అంతే. గుండు అని ఇంకొకడు, వాడికి బుర్ర నిలకడగా ఉండదు, ఎక్కడో పెట్టి మర్చిపోతాడు. సుందరికి కడిగే పిచ్చి. దొరికిందల్లా కడుగుతుంది, నిన్న రొట్టెలు కడిగింది. పిరికి అని నాలుగోవాడు, తలుపు చప్పుడైతే చాలు "కొంప మునిగిందిరో" అని మంచం కిందికి దూరతాడు.

ఏడాది చివరికల్లా వీళ్ళవల్ల ఉపయోగం కనిపించకపోతే నలుగుర్నీ తీసేస్తారు, వాళ్ళతోపాటు నన్నూ. వీసా ఖలాస్. అప్పుడు రాజోలు వెళ్ళి చిన్నాన్న ఐసు ఫ్యాక్టరీలో కూర్చోవాలి. నాకు చలి పడదని నీకు తెలుసు. ఏం చెయ్యాలో తోచడం లేదు.

నీ మేనల్లుడు,
శ్యామ్‌ప్రసాద్

*

ఫుజైరా
14 అక్టోబరు 2022

ఒరేయ్ శ్యామూ,

నీ ఉత్తరంలో మొదటి కాగితం చేపనీళ్ళలో నాని ముద్దయిపోయింది. అంజిని అడిగితే, "ఆయ్, ఐసు కరిగిపోద్ది కదండీ పిన్నిగారూ, నేనేం సేత్తానండి" అన్నాడు. ముద్దలో ఒక్క 'నమస్కారాలు' అన్న మాటే కనబడింది, అది చాలులే. రెండో కాగితం మాత్రం పూర్తిగా చదివాను. చదివి రెండు రోజులు అన్నం సహించలేదు.

ఏంట్రా ఆ గది? బెడ్ స్పేస్ అంటే పై మంచం, కింద మంచం అని విన్నాను గానీ నిలబడే మంచం నేనెక్కడా వినలేదు. మంచానికి అద్దె కట్టలేక మూలన నిలబడుతున్నాడేమో పాపం, మొహమాటస్తుడు. తిండి ముట్టకపోవడం కూడా అందుకే అయ్యుంటుంది. పక్కవాడు తినకుండా నిలబడి చూస్తుంటే మీకు ముద్ద ఎలా దిగుతోంది? అంజి చేత గోంగూర పచ్చడి పంపిస్తున్నాను, ముందు ఆ నిటారుకి పెట్టు. ఆ కరెంటు వైరు అతని దగ్గర్నుంచి తీసెయ్. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళకి అందుబాటులో అలాంటివి ఉంచకూడదు. రోజూ నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మోకాళ్ళకి మర్దనా చెయ్యి.

గుండుకి రాత్రి నానబెట్టిన బాదంపప్పులు పెట్టు. బుర్ర నిలుస్తుంది. పిరికివాడికి ఎవరిదో కన్ను తగిలింది. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి చుట్టూ తిప్పి నిప్పుల్లో వెయ్యి, ఘాటుకి దగ్గు రావాలి. కోరు రాకపోతే దిష్టి ఉన్నట్టే, ఇంకోసారి తియ్యి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మగాళ్ళ గదిలో సుందరి ఎవర్రా? ఆ పిల్లకి అమ్మానాన్నా ఉన్నారా? రొట్టెలు కడుగుతోందంటే మనసు బాగాలేదు. పనిలో ఎవరో బాగా ఏడిపించి ఉంటారు. నైఫ్‌లో మా ఖతీజాబీ ఆడవాళ్ళకి గది నడుపుతోంది, నెల్లూరు మనిషి, గట్టి మనిషి. ఆ పిల్లని పంపించెయ్, మంచం చూస్తుంది.

పొయ్యి దగ్గర నిలబడి రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ పడిపోతే లేపుకుని చదువుకో.

మీ అత్త,
పేరమ్మ

*

నైఫ్
28 అక్టోబరు 2022

అత్తా,

కొంప ముంచావు. అసలు సంగతంతా ఆ తడిసిన కాగితంలోనే ఉంది. ఈసారి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపుతున్నాను. బాగా చదువు. ఆ నలుగురూ మనుషులు కారు. మరలు. వాళ్ళకి ఆకలి, నొప్పి, మొహమాటం ఏవీ ఉండవు. నిటారుకి అసలు మోకాళ్ళే లేవు, ఇక నూనె ఎక్కడ రాయను? పని చెయ్యకపోతే వీపు మీద ఒకటి తన్నాలి, అప్పుడు కదులుతాడు. సుందరి పాతబడిపోయింది కాబట్టి తెచ్చి ఇక్కడ పడేశారు. దానికి ఖతీజాబీ గది అక్కర్లేదు.

కానీ ఒక విచిత్రం జరిగింది. నీ ఉత్తరం నా బల్ల మీద ఉంటే రామ్మోహనరావు గారు చదివారు. చదివి నవ్వారత్తా! ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు, చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన పళ్ళు ఆఫీసులో ఎవరూ ఇంతవరకూ చూడలేదు. "ఈవిడ చెప్పినట్టే చెయ్ బాబూ" అన్నారు. చేశాను. పిరికికి దిష్టి తీశాం. ఓడ నిండా పొగ. ఫైర్ అలారం మోగి పైనుంచి వాన కురిసినట్టు నీళ్ళు పడ్డాయి. తెల్లారేసరికి నలుగురికీ ఒళ్ళంతా తుప్పు. జనం విరగబడి నవ్వారు. ఇలాంటివి ఇంకో నాలుగు తగిలితే నా ఉద్యోగం నిలుస్తుంది. కాబట్టి నీకు తోచిందల్లా రాస్తూ ఉండు. గోంగూర మాత్రం నేనే తిన్నాను.

శ్యామ్

*

ఫుజైరా
4 నవంబరు 2022

శ్యామూ,

నీ మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. కవరు బానే ఉంది, అక్షరం చెదరలేదు. చెదిరిపోయినా బావుండేది.

ఎంత కోపం వచ్చినా పక్క మంచం వాడిని మనిషి కాడంటావా? మర అంటావా? వీపు మీద తంతావా? మా ఇంట్లో మగపిల్లలున్నారు, ఈ ఇంటి మేడం కొడుకులు. నేను చపాతీలు ఒత్తుతుంటే గుమ్మంలో నిలబడి "పేరమ్మా మకీనా! మకీనా!" అని చప్పట్లు కొడతారు. మకీనా అంటే మిషనట. మెచ్చుకోలుగానే అంటారు, పసివాళ్ళు, నేనూ నవ్వేస్తాను. కానీ మిషనుకి కాళ్ళు పీకవు కదరా. సాయంత్రానికి నా కాళ్ళు దుంగల్లా ఉంటాయి. నా మేనల్లుడు కూడా ఆ మాటే అంటే నేనెవరితో చెప్పుకోను?

మోకాళ్ళు లేవంటున్నావు. అయ్యో, ఏ క్వారీలో పోగొట్టుకున్నాడో! ముందే చెప్పొద్దూ? సుందరి పాతబడిందంటున్నావు. వయసు మళ్ళిన ఆడమనిషి గురించి అలా రాయడానికి చెయ్యెలా వచ్చింది?

ఇంకొకటి. ఓడలో ఉంటున్నావని ఇప్పుడు తెలిసింది. క్రీక్‌లో తాళ్ళతో కట్టేసే చెక్క ఓడల్లోనా? గది అద్దె అంత పెరిగిపోయిందా? ఆ ఓడలో నిప్పులెవరు వెయ్యమన్నారు, నేను చెప్పింది గదిలో. ఒంటికి తుప్పులా వచ్చిందంటే అది తామర. చెక్క ఓడల్లో తేమకి వస్తుంది. నలుగురికీ ఒకేసారి వచ్చిందంటే ఒకే తువ్వాలు వాడుతున్నారు. వేపాకు మరిగించి స్నానం చేయించు. తువ్వాళ్ళు నాలుగు పంపుతున్నాను, రంగులు వేరే వేరే పెట్టాను, ఎవరిది వాళ్ళు గుర్తుపట్టుకోవడానికి. సుందరిది గులాబీ రంగు.

అవునూ, ఈ రామ్మోహనరావు ఎవరు? ఊరూ పేరూ తెలియని మగాడు నా ఉత్తరాలు చదివి మీసం కదపడం ఏంటి? పెళ్ళయిందా?

నిలబడే రాస్తున్నాను. ఇక్కడ ఫ్రిజ్‌లు మూడున్నాయి, కుర్చీ లేదు. కోపంగా ఉన్నప్పుడు నిలబడి రాస్తేనే మంచిదిలే.

పేరమ్మ

*

నైఫ్
11 నవంబరు 2022

అత్తా,

సరే. తప్పయింది. వాళ్ళు మనుషులే. రెండుసార్లు నిజం రాసి రెండుసార్లు తిట్లు తిన్నాను, ఇక నాకు ఓపిక లేదు. నిటారుని తన్నడం మానేశాను. గులాబీ తువ్వాలు చూసి సుందరి మురిసిపోయి దాన్నే అయిదుసార్లు కడిగింది.

రామ్మోహనరావు గారికి పెళ్ళయింది, మనవరాలు కూడా ఉంది. నీ ఉత్తరం వచ్చే రోజు ఆయన టీ తాగకుండా కూర్చుంటున్నారు. "ఫుజైరా ఎక్స్‌ప్రెస్ వచ్చిందా బాబూ?" అని వాచీ చూసుకుంటారు. నీ తామర సంగతి, తువ్వాళ్ళ సంగతి అందరికీ నచ్చింది. చూసేవాళ్ళు పెరిగారు. బర్ దుబాయ్‌లో ఓ తెలుగు హోటల్లో గోడ టీవీలో పెట్టారట.

డిసెంబరు గట్టెక్కితే నా ఉద్యోగం ఖాయం. అందుకని ఒక సలహా అడుగుతాను. నిటారుకీ సుందరికీ పెళ్ళి చేస్తే ఎలా ఉంటుందంటావు? నీకు తోచినట్టు వివరంగా రాయి. ఎంత వివరంగా ఉంటే అంత మంచిది.

నీ శ్యామ్

*

ఫుజైరా
25 నవంబరు 2022

చిరంజీవి శ్యామ్‌ప్రసాద్‌ని మేనత్త పేరమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం నాయనా. ఈ మధ్య అంజి వ్యానులో కూర్చుని ఫోను చూసి తెగ నవ్వుతున్నాడు. ఏంట్రా అంటే ఏదో చెప్పాడు. అదలా ఉంచు.

పెళ్ళంటే కాగితం మీద తేలే పని కాదు. అబ్బాయినీ అమ్మాయినీ చూడకుండా నేనేం చెప్పను? నేషనల్ డేకి మా ఇంటివాళ్ళంతా ఎడారిలో గుడారాలు వేసుకోవడానికి వెళుతున్నారు. నాకు రెండు రోజులు సెలవు. కాబట్టి డిసెంబరు మూడో తేదీన అంజి వ్యానులో నేనే వచ్చేస్తున్నాను. నలుగురికీ వండి తెస్తాను. ఖతీజాబీకి కబురు పెట్టాను, సుందరిని తీసుకెళ్ళడానికి తనూ నేరుగా మీ దగ్గరికే వస్తుంది. నిటారు ఎలా నిలబడతాడో, గుండు బుర్ర ఎక్కడ పెడతాడో అన్నీ నా కళ్ళతో చూడాలి.

నలుగురూ ఇంట్లోనే ఉండాలి. ఒక్కరు తగ్గినా ఊరుకోను.

నిలబడే రాస్తున్నాను, నవ్వుకుంటూ.

మీ అత్త

*

నైఫ్
29 నవంబరు 2022

అత్తా,

పండక్కి గిరాకీ ఎక్కువని అంజి మధ్యలో ఒకసారి వచ్చాడు కాబట్టి హడావిడిగా రాస్తున్నాను. నువ్వు రావద్దు. లిఫ్ట్ పాడైంది. నీళ్ళు రావడం లేదు. నిటారుకి జలుబు. గుండు ఊళ్ళో లేడు. సుందరి ఎవరితోనూ మాట్లాడనంటోంది. పిరికి నీ పేరు వింటేనే మంచం కిందికి దూరుతున్నాడు. నేనే జనవరిలో ఫుజైరా వస్తాను. దయచేసి రావద్దు.

శ్యామ్

తాజా కలం: లిఫ్ట్ నిజంగానే పాడైంది.

*

ఫుజైరా
9 డిసెంబరు 2022

ఒరేయ్ శ్యామూ,

క్షేమంగా చేరాను. లిఫ్ట్ బానే ఉంది కదరా.

ముందుగా మీ నలుగురి గురించి. ముచ్చటైన పిల్లలు. తలుపు తియ్యగానే మూలన చెవి దగ్గర చార్జర్ వైరు పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డ ఆ అబ్బాయిని చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఎంతసేపైనా కదల్లేదు, మెచ్చుకోవాలి. నేను మాత్రం తక్కువ తిన్నానా? అతని ముందే చాప వేసి, చేపల పులుసు మూత తీసి, ఇగురు, గారెలు అన్నీ వరసగా పెట్టి, మీ అందరికీ కొసరి కొసరి వడ్డించాను. "నిటారు ఎలాగూ తినడుగా, అతని వాటా గుండుకి వెయ్యి" అని నేనన్నప్పుడు అతని కంట్లోంచి ఒక చుక్క కారింది. మరకి కన్నీళ్ళు రావడం అప్పుడే చూశాను.

సుందరి సంగతి చెప్పనే అక్కర్లేదు. పైన దుపట్టా, కింద పఠానీ సల్వార్, మధ్యలో ఇంత మీసం. నేనేమైనా అన్నానా? కడిగే పిచ్చి అని రాశావు కదా, అందుకే మా ఇంట్లో వారం రోజుల మాడు గిన్నెలు కడగకుండా గోనెసంచిలో వేసుకొచ్చాను. పీచు చేతికిచ్చి కూర్చోబెట్టాను. మూడో గిన్నెకి "ఖాలా, బస్ కరో" అని, చాలించమని బొంగురు గొంతుతో బతిమాలింది. పెద్ద బాణలి ఇంకా మిగిలుంది కదమ్మా అన్నాను. ఖతీజాబీ వచ్చి దుపట్టా ఎత్తి చూసి, "ఈ పిల్లని తీసకపోతే మా గదిలో వాళ్ళంతా యల్లా, పదండి అని మంచాలు ఖాళీ జేస్తారు అక్కా, నీ దగ్గరే ఉంచుకో" అనేసి, గారెలు తిని వెళ్ళిపోయింది.

పిరికివాడికి ఎండుమిరపకాయల దిష్టి తీశాను. కిటికీ మూసి మరీ తీశాను. మంచం కింద దగ్గుతూ అతను పెట్టిన కేక నిజమైన కేక. గుండుగా వచ్చిన పెద్దాయన ఒక్కడే సుఖపడ్డాడు. ఆ నున్నటి తలకి నేను నూనె మర్దనా చేస్తుంటే గురక పెట్టాడు. బుర్ర మర్చిపోయే వేషం ఏమీ కట్టకుండానే నిద్రపోయాడు.

ఇప్పుడు తెలిసిందా? నాకంతా తెలుసు.

కిందటి నెలలో అంజి ఫోన్లో చూపించాడు. "పిన్నిగారూ, ఇదేదో మీరు మాట్టాడినట్టే ఉందండి ఆయ్" అన్నాడు. చూస్తే రేకు డబ్బా ఒకటి ఇంకో రేకు డబ్బాకి దిష్టి తీస్తూ, "కోరు రాకపోతే దిష్టి ఉన్నట్టే" అంటోంది. నా మాటే. తువ్వాళ్ళ రంగులు కూడా నావే. ఓడ, తుప్పు, మోకాళ్ళు లేకపోవడం అన్నీ అప్పుడు తెలిశాయి. ముందు సిగ్గేసింది, మనుషులనుకుని పచ్చళ్ళు పంపానే అని. తర్వాత ఏడుపొచ్చింది. ఇంటి పిల్లలు మకీనా అన్నారు, సొంత మేనల్లుడు నన్ను నిజంగానే మకీనాలో పెట్టేశాడు, అదీ చెప్పకుండా అనుకున్నాను. అందుకే వచ్చాను. నన్ను చూసి లోకం నవ్వింది కదా, నేనూ ఓ పూట నవ్వుకుందామని. కడుపు నిండా నవ్వుకున్నాను. వ్యానులో ఖోర్ ఫక్కాన్ మలుపు దాకా నేనూ అంజీ నవ్వుతూనే ఉన్నాం.

కానీ ఒకటి జరిగింది. చెయ్యి కడుక్కుని వస్తుంటే మూలనున్న అబ్బాయి, ఆ కడప కలీం, కళ్ళు తెరవకుండా గొణిగాడు. "అమ్మా, నా వల్ల కాదుమ్మా, కాళ్ళు పీకతాండాయ్. కూచుంటే శ్యామన్న ఉద్యోగం పోతాదంట." నాకు నవ్వు ఆగిపోయింది. అతన్ని కూర్చోబెట్టి నా చేత్తో అన్నం పెట్టాను, నువ్వు అప్పుడు కింద టీ తేవడానికి వెళ్ళావు. నీ కోసం ఒకడు గోడకి అంటుకుని అంతసేపు నిలబడ్డాడు చూడు, అలాంటివాళ్ళని పోగొట్టుకోకు.

నేను ఈ వంటగదికి వచ్చి చాలా ఏళ్ళయింది. "పేరమ్మా పానీ, పేరమ్మా చాయ్" తప్ప నాతో మాటాడేవాళ్ళు లేరు. నేను మాటాడితే వినేవాళ్ళూ లేరు. మొన్న రేవు దగ్గర చేపలు దించే మనవాళ్ళంతా అంజి ఫోను చుట్టూ మూగి నా మాటకి పడీ పడీ నవ్వుతున్నారు. ఈ దేశంలో నా మాట విని ఒకరు నవ్వడం అదే మొదలు. గర్వంగా అనిపించిందిరా. అందుకని వాడుకో. తిట్లు కూడా వాడుకో.

ఒక్కటే షరతు. ఆ నిటారుని ఒక్కసారి కూర్చోబెట్టు. మోకాళ్ళు లేవనే సాకు నాకు చెప్పకు, నువ్వు రాసేవాడివి, నువ్వే పెట్టు. ఎన్నాళ్ళని నిలబెడతావురా వాడిని? అందరూ నవ్వుతారు, నిజమే. నేను మాత్రం వాడు కనిపించినప్పుడల్లా వాడి కాళ్ళే చూస్తున్నాను.

పేరమ్మ

మాడు గిన్నెల మూతలు రెండు మీ దగ్గరే మర్చిపోయాను.

*

నైఫ్
6 జనవరి 2023

పేరమ్మత్తకి,

నీ ఉత్తరం చదివి నేను మొహం చూపించలేక నాలుగు వారాలు రాయలేదు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. అమీర్ జాన్, అదే మీ సుందరి, టైలర్ పని చేసుకునే మనిషి, గిన్నెలు తోమి తోమి సూది పట్టలేకపోతున్నానని నన్ను ఇప్పటికీ తిడుతున్నాడు. పిరికి వేషం వేసిన అజ్మల్ మిరపకాయ బజ్జీ చూసినా పక్కకి తప్పుకుంటున్నాడు. గుండుగా వచ్చిన బడే సాహెబ్ మాత్రం నువ్వు మళ్ళీ ఎప్పుడొస్తావని రోజూ అడుగుతున్నాడు.

ఇక నీ షరతు. ఆఫీసులో చెబితే రామ్మోహనరావు గారు ఒప్పుకోలేదు. "బాబూ, వాడు నిలబడటమే హాస్యం. కూర్చోబెడితే సీరియల్ కూర్చుంటుంది. ఇది ఆఖరి భాగం, దీన్ని బట్టే నీ ఉద్యోగం. ఆలోచించుకో" అన్నారు. ఆలోచించాను. ఐసు ఫ్యాక్టరీ కళ్ళముందు కనబడింది. నీ కాళ్ళు కూడా కనబడ్డాయి. ఆయన కాదన్నదే రాసి ఇచ్చాను.

కథ ఇలా రాశాను. నిటారు ఎప్పుడూ నిలబడే ఉంటాడేమని సుందరికి మొదటిసారి అనుమానం వస్తుంది. చూస్తే మోకాళ్ళు లేవు. తయారు చేసినవాడు మర్చిపోయాడు. అందరూ కలిసి వంటగదిలోంచి రెండు మూతలు తెచ్చి వాడి కాళ్ళకి బిగిస్తారు. అవి నీ మూతలే, బొమ్మలు గీసే అమ్మాయి వాటిని బల్ల మీద పెట్టుకుని చూసి గీసింది, మాడు మరకలతో సహా. కిర్రు కిర్రుమంటూ నిటారు కూర్చుంటాడు. కూర్చుని, "అబ్బ" అంటాడు. అంతే. ఆ మాట కలీం చేత చెప్పించాం. ఆ తర్వాత ఎవరు పిలిచినా లేవడు. ఓడ దారి తప్పుతుంది, కెప్టెను అరుస్తాడు, సైరన్లు మోగుతాయి, వాడు మాత్రం "ఇంకొంచెంసేపు" అంటాడు. చివరికి కెప్టెనే వచ్చి వాడి పక్కన కూలబడతాడు.

ఆఫీసులో అందరం కలిసి చూశాం. "అబ్బ" అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. నా ప్రాణం పోయింది. రామ్మోహనరావు గారు లేచి బయటికి వెళ్ళిపోయారు. ఖలాస్, చిన్నాన్నకి ఫోన్ చేసుకోవాలి అనుకున్నాను. కాసేపటికి ఆయన వెనక్కి వచ్చారు, చేతిలో కుర్చీ ఉంది. గుమ్మం దగ్గర నిలబడే మా ఆఫీసు వాచ్‌మన్‌కి ఇవ్వబోయారట, అతను మొహమాటపడి వద్దన్నాడట, మళ్ళీ తెచ్చుకున్నారట. "ఆయన వద్దన్నాడు బాబూ, ఎల్లుండి మళ్ళీ అడుగుతాను. నువ్వు రెండో ఏడాదికి మొదలుపెట్టు" అన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. నవ్వు వల్ల కాదనుకుంటాను.

నా ఉద్యోగం నిలిచింది అత్తా. నీ వల్ల నిలిచింది. ఈసారి సీరియల్లో మాటలు రాసినవాళ్ళ పేర్లలో నీదే ముందు వేశారు. అంజి ఫోన్లో చూసుకో.

ఈ ఉత్తరంతోపాటు అంజి ఒకటి తెస్తున్నాడు. నైఫ్ బజారులో కొన్నాను. చేపనీళ్ళలో తడిసినా ఏమీ కాదు, ప్లాస్టిక్‌దే.

నీ శ్యామ్

*

ఫుజైరా
13 జనవరి 2023

నా శ్యామూ,

కుర్చీ అందింది. చేపల వాసన పోవడానికి నిమ్మకాయతో రుద్ది రుద్ది కడిగాను, సుందరిని తలుచుకుంటూ.

వంటగదిలో ఎక్కడ వెయ్యాలో ముందు తెలియలేదు. ఎక్కడ వేసినా అడ్డంగానే ఉంది, ఇన్నాళ్ళూ ఇక్కడ అలాంటిది లేదు కదా. చివరికి కిటికీ పక్కన వేశాను. మేడం వచ్చి చూసింది. "పేరమ్మా, ఇదేంటి?" అంది. "కుర్సీ, మామా" అన్నాను, ఇక్కడ ఇంటావిడని అలాగే పిలవాలి. ఆవిడ కాసేపు ఆ కుర్చీని చూసింది, కాసేపు నన్ను చూసింది, వెళ్ళిపోయింది. తీసి పారేయిస్తుందేమో అనుకున్నాను. సాయంత్రానికి డ్రైవరు చేత దాని మీద వేసుకోవడానికి ఓ మెత్త పంపించింది. పూల మెత్త, నాకు ఆ రంగు నచ్చలేదు, అయినా వేశాను.

పిల్లలు "మకీనా, యల్లా, చపాతీ!" అంటూ పరిగెత్తుకొచ్చారు. నేను లేవలేదు. "ఇంకొంచెంసేపు" అన్నాను, తెలుగులోనే. అర్థం కాకపోయినా పకపకా నవ్వి కింద కూర్చున్నారు. రేపు మళ్ళీ అంటే మళ్ళీ నవ్వుతారేమో చూడాలి, నవ్వితే నీకు రాస్తాను, పెట్టుకో.

కలీంకి నువ్వులనూనె పంపుతున్నాను. మోకాళ్ళకి రాసుకోమను. మూతలు మాత్రం తిరిగి పంపించు, అన్నం వార్చడానికి కష్టంగా ఉంది.

ఈ ఉత్తరం కూర్చుని రాస్తున్నానురా. అక్షరాలు చూడు, ఒక్కటైనా పడిపోయిందేమో.

మీ అత్త,
పేరమ్మ